క్షమాధికారము - వివాదగ్రస్తమైన ఎన్నిక : అమెరికా అనుభవము

దండనీతిని గూర్చి విచారించిన మన పూర్వులు దండమున కెంత ప్రాధాన్యము నిచ్చిరో క్షమకును అంత ప్రాధాన్యము నిచ్చిరి. నిదురించుచున్న ఉపపాండవులను వధించిన అశ్వత్థామను అర్జునుడు బంధించి తెచ్చినప్పుడు, వానిని విడిచిపెట్టుమని వేడినది ద్రౌపది యని భాగవతము చెప్పుచున్నది. బిడ్డలను గోల్పోయిన తల్లియే క్షమించినది గనుక ఆ క్షమకు గౌరవము కలిగెను. అంతటితో కథ ముగియలేదు. అశ్వత్థామకు ప్రాణము దక్కెను గాని, వాని తల గొరిగి, శిరోమణిని గైకొని, శిబిరమునుండి వెడలగొట్టిరి. అనగా శిక్ష తగ్గినదే కాని చేసినది నేరమను మాట చెరిగిపోలేదు. క్షమించువా డెవడు? బాధపడినవా డెవడు? క్షమించిన పిదప నేరము నేరముగనే నిలుచునా? ఈ మూడు ప్రశ్నలును ఆ చిన్న కథలో ఇమిడియున్నవి.

2020లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన అధ్యక్ష ఎన్నికయు, దానినుండి పుట్టిన వివాదమును, 2025లో వెలువడిన క్షమాభిక్షలును ఈ ప్రశ్నలనే లోకము ముందుంచినవి. ఇది పరదేశపు ముచ్చట యని తోసివేయుటకు వీలులేదు. ఆ దేశమున పౌరసత్వము పొంది వోటు వేయుచున్న తెలుగు కుటుంబములు అనేకములు కలవు. అంతకంటె ముఖ్యమైన దేమన, అట్టి అధికారమే మన రాష్ట్రపతికిని గవర్నరులకును కలదు. దానిని రాజకీయ ప్రయోజనమునకు వినియోగించిన వివాద మొకటి తెలుగునేలపైనే పుట్టి సుప్రీం కోర్టు వరకు పోయినది. కావున ఆ దేశపు అనుభవమును ఆమూలాగ్రముగ తెలిసికొనుట మనకు ఉపయోగకరము.

క్షమాధికారపు పుట్టుక

ఇంగ్లండు దేశమున క్షమాధికారము రాజుయొక్క విశేషాధికారములలో నొకటి. నేరము రాజశాంతికి భంగమని భావింపబడుటచే, దానిని క్షమించు హక్కును రాజునకే కలదని యెంచిరి. అయినను ఆ హక్కునకు క్రమముగ హద్దు లేర్పడినవి. రెండవ చార్లెసు రాజు తన మంత్రియైన డాన్బీ ప్రభువును అభిశంసనమునుండి తప్పించుటకై 1679లో క్షమాపత్రము నీయగా, కామన్సు సభ దానిని అంగీకరింపలేదు. రాజు క్షమాపత్రము అభిశంసనమునకు అడ్డు రాజాలదని 1701 నాటి చట్టమున స్పష్టముగ శాసించిరి.

1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగమును రచించిన అమెరికా నాయకులు రాజును వదలుకొనిరి గాని, రాజునకు గల ఈ అధికారమును వదలుకొనలేదు. రాజ్యాంగము రెండవ అధికరణమున దీనిని అధ్యక్షున కొసగి, రెండే హద్దులు విధించిరి. మొదటిది: క్షమ కేంద్ర ప్రభుత్వ శాసనములకు విరుద్ధమైన నేరములకు మాత్రమే వర్తించును, రాష్ట్ర శాసనములక్రింది నేరములకు వర్తింపదు. రెండవది: అభిశంసనమునకు క్షమ లేదు. ఇవి దక్క తక్కినదంతయు అధ్యక్షుని విచక్షణకే విడువబడినది. మంత్రుల సలహా యక్కరలేదు. శాసనసభల ఆమోద మక్కరలేదు. కారణములు చెప్పవలసిన పనియు లేదు.

ఇంతటి అధికారమును ఒక్క మనుజునికి ఒప్పగించుట క్షేమమా యను చర్చ ఆనాడే జరిగెను. వర్జీనియా నాయకుడు జార్జి మేసన్ దీని నెదిరించెను. అధ్యక్షుడు తానే లోలోపల ప్రోత్సహించిన నేరములను క్షమించి, తన దోషము బయల్పడకుండ చేసికొనవచ్చునని ఆయన భయము. అధ్యక్షునకు నేరస్థులతో సంబంధ మున్నదని అనుమానము పుట్టినచో ప్రతినిధి సభ అతనిని అభిశంసింపవచ్చును గదా యని జేమ్సు మేడిసన్ బదులు చెప్పెను. అలెగ్జాండరు హేమిల్టన్ 1788లో ప్రకటించిన ‘ఫెడరలిస్టు’ 74వ వ్యాసమున వేరొక యుక్తి చూపెను. తిరుగుబాటులు చెలరేగిన సమయమున, తగిన గడియలో చేసిన క్షమాప్రకటన దేశమునకు శాంతిని చేకూర్చగలదు. ఆ గడియ తప్పిపోయినచో మరల రాదు. పెద్ద సభలు చర్చించుచు కూర్చుండునంతలో సమయము మించిపోవును. కావున ఈ పని ఒక్కని చేతిలో నుండుటయే మేలని ఆయన వాదము.

మేసన్ భయము, మేడిసన్ సమాధానము, హేమిల్టన్ ఆశ - ఈ మూడింటిని జ్ఞాపకమున నుంచుకొన్నచో తరువాతి చరిత్ర యంతయు సులభముగ బోధపడును.

పూర్వోదాహరణములు

హేమిల్టన్ ఆశించినట్లే తొలి ఉదాహరణము జరిగెను. సారాయి పన్నునకు విరోధముగ పెన్సిల్వేనియా పశ్చిమ ప్రాంతమున 1794లో లేచిన తిరుగుబాటును జార్జి వాషింగ్టన్ సైన్యముతో అణచెను. రాజద్రోహ నేరమునకు మరణశిక్ష పడిన ఇరువురిని 1795లో ఆయనయే క్షమించెను. అంతర్యుద్ధానంతరము ఆండ్రూ జాన్సన్ 1868 డిసెంబరు 25న దక్షిణాది తిరుగుబాటుదారుల కందరికిని సామూహిక క్షమను ప్రకటించెను. వియత్నాము యుద్ధకాలమున నిర్బంధ సైనికసేవను తప్పించుకొన్న యువకులను, జిమ్మీ కార్టరు తాను పదవి స్వీకరించిన మరునాడే, అనగా 1977 జనవరి 21న క్షమించెను.

ఈ మూడింటను ఒక సామాన్య లక్షణము కలదు. క్షమించినవాడు తిరుగుబాటుదారుల పక్షమువాడు కాడు. వాషింగ్టన్ ఆ తిరుగుబాటును అణచినవాడు. జాన్సన్ యుద్ధమున గెలిచిన ప్రభుత్వమునకు అధిపతి. గెలిచినవాడు ఓడినవానిని క్షమించెను గనుక అది రాజీకి దారితీసినది. జాన్సన్ క్షమవలన మాత్రము తిరుగుబాటు నాయకులు మరల తలయెత్తి, బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారికి హాని కలిగెనని విమర్శకులు చెప్పుదురు. బాధితుల యోగక్షేమములను విస్మరించిన క్షమ అసంపూర్ణ మని దీనివలన తెలియుచున్నది.

జెరాల్డు ఫోర్డు 1974 సెప్టెంబరు 8న రిచర్డు నిక్సనును క్షమించుట ఇంకొక విధమైన ఉదాహరణము. వాటర్‌గేటు కుంభకోణమువలన రాజీనామా చేసిన నిక్సనుపై అప్పటికి అభియోగ మేదియు దాఖలు కాలేదు. విచారణకు పూర్వమే క్షమించుట చెల్లునని సుప్రీం కోర్టు గార్లండు వ్యాజ్యమున 1867లోనే తీర్పు చెప్పియుండెను. ఫోర్డుపై ప్రజాగ్రహము పెల్లుబికెను. 1976 ఎన్నికలో ఆయన ఓడిపోవుట కిదియు నొక కారణమని చరిత్రకారులు తలంతురు. అయినను ఏండ్లు గడచిన పిదప, 2001లో, ఆ ధైర్యమునకై ఆయనకు కెన్నెడీ స్మారక సంస్థ పురస్కారము లభించెను. తన పదవికి చేటు తెచ్చు క్షమకును, తన పదవికి బలము చేకూర్చు క్షమకును గల భేదమును ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

క్షమ నేరమును చెరిపివేయునా? బర్డిక్ అను పత్రికా సంపాదకుని వ్యాజ్యమున 1915లో సుప్రీం కోర్టు, క్షమాపత్రమును నిరాకరించు హక్కు కలదనియు, దాని స్వీకారమునందు నేరాంగీకారచ్ఛాయ ఉన్నదనియు పలికెను. నిక్సను విషయమున ఫోర్డు ఈ తీర్పునే తనకు ఊరటగా చెప్పికొనుచుండెడివాడు.

ఎన్నికల విధానము - పాత వివాదము

అమెరికాలో అధ్యక్షుని ప్రజలు నేరుగ ఎన్నుకొనరు. ప్రతి రాష్ట్రమునందును ప్రజల వోట్లనుబట్టి ఎలక్టర్లు అనబడు ప్రతినిధులు నియమితులగుదురు. నేడు వారి మొత్తము సంఖ్య 538. అందు 270 మంది మద్దతు పొందినవాడు అధ్యక్షుడగును. ఎలక్టర్లు డిసెంబరులో తమ తమ రాష్ట్రములలో సమావేశమై వోటువేసి ఆ పత్రములను పంపుదురు. జనవరి 6న అమెరికా శాసనసభయైన కాంగ్రెసు ఉభయ సభలును కూడి, ఉపాధ్యక్షుని అధ్యక్షతన వానిని విప్పి లెక్కించును.

ఈ చివరి ఘట్టము 1876లో దేశమును సంక్షోభమున ముంచెను. మూడు దక్షిణాది రాష్ట్రములనుండి రెండేసి పోటీ పత్రములు వచ్చినవి. పదునైదుగురు సభ్యుల సంఘము నొకదానిని నియమింపగా, అది 8-7 వోట్లతో రుథర్‌ఫర్డు హేస్ పక్షమున తీర్పు చెప్పెను. ఆయన 185-184 తో గెలిచెను. ఆ ఒడంబడిక వెంబడి 1877లో దక్షిణాది రాజధానులనుండి కేంద్ర సేనలు వైదొలగుటచే నల్లజాతి వోటర్లకు గల రక్షణ సడలిపోయెను. పెద్దలు పైన రాజీపడినప్పుడు దాని మూల్యమును క్రిందివారు చెల్లించిరి. లెక్కింపునకు నిబంధనలు ఏర్పరచు చట్టము 1887లో వచ్చెను గాని అందలి భాష సందిగ్ధముగ నుండెను. ఆ సందిగ్ధతయే 134 సంవత్సరముల తరువాత అగ్గికి ఆజ్యమైనది.

2020 ఎన్నిక - జనవరి 6

2020 నవంబరు 3న జరిగిన ఎన్నికలో డెమొక్రాటిక్ పక్షమునకు చెందిన జో బైడెన్ సుమారు 8.1 కోట్ల వోట్లను, 306 ఎలక్టర్లను పొందెను. పదవిలో నున్న రిపబ్లికన్ అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు సుమారు 7.4 కోట్ల వోట్లను, 232 ఎలక్టర్లను పొందెను. ట్రంపు ఓటమిని ఒప్పుకొనలేదు. వోట్లలో మోసము జరిగినదని ఆయన పక్షమువారు 60కి పైగా వ్యాజ్యములు వేసిరి. దాదాపు అన్నియు కొట్టివేయబడినవి. తీర్పు చెప్పినవారిలో ట్రంపు నియమించిన న్యాయమూర్తులును గలరు. ఫలితమును మార్చగల స్థాయిలో మోసము కానరాలేదని ఆయన అటార్నీ జనరలు విలియం బార్ 2020 డిసెంబరు 1న ప్రకటించెను.

పిదప రెండు ప్రయత్నములు జరిగినవి. డిసెంబరు 14న ఏడు రాష్ట్రములలో ఓడిన పక్షమువారు తామే ఎలక్టర్లమని పత్రములు తయారుచేసి పంపిరి. 2021 జనవరి 2న ట్రంపు జార్జియా రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బ్రాడ్ రాఫెన్‌స్పర్గరుకు టెలిఫోను చేసి, తనకు 11,780 వోట్లు వెదకి పెట్టవలెనని కోరెను. ఆ రాష్ట్రమున బైడెను ఆధిక్యము 11,779 వోట్లు మాత్రమే. రాఫెన్‌స్పర్గరును రిపబ్లికనే, అయినను ఆయన ఆ కోర్కెను మన్నింపలేదు. పోటీ పత్రములను ఆధారముచేసికొని లెక్కింపును ఆపవలెనని ఉపాధ్యక్షుడు మైక్ పెన్సుపై ఒత్తిడి వచ్చెను. తన కట్టి అధికారము లేదని ఆయన నిరాకరించెను.

జనవరి 6న లెక్కింపు జరుగుచుండగా, ట్రంపు ఉపన్యాసమును విని వచ్చిన వేలకొలది జనులు శాసనసభా భవనముపై బడిరి. తలుపులు, కిటికీలు పగులగొట్టి లోనికి చొరబడిరి. సుమారు 140 మంది పోలీసు ఉద్యోగులు గాయపడిరి. సభ్యులు ప్రాణములు దక్కించుకొనుటకు దాగికొనవలసి వచ్చెను. రాత్రి మరల సమావేశమై, తెల్లవారుజామున మూడు గంటలు దాటిన పిమ్మట సభ బైడెను ఎన్నికను ధ్రువపరచెను.

రాజకీయ పరిణామములు

మేడిసన్ చెప్పిన అభిశంసనము అను ఆయుధమును ప్రతినిధి సభ వెంటనే ప్రయోగించెను. 2021 జనవరి 13న 232-197 వోట్లతో ట్రంపు అభిశంసితుడయ్యెను. ఫిబ్రవరి 13న సెనేటులో 57 మంది అతడు దోషి యనియు, 43 మంది నిర్దోషి యనియు వోటువేసిరి. మూడింట రెండు వంతులకు, అనగా 67 వోట్లకు, పది తక్కువగుటచే అతడు విడుదల నొందెను. అభిశంసనమునకు వోటువేసిన పదిమంది రిపబ్లికన్ ప్రతినిధులలో 2022 ఎన్నికల యనంతరము ఇరువురే సభలో మిగిలిరి. తక్కినవారిలో కొందరు పోటీనుండి విరమించుకొనిరి. కొందరు తమ పక్షమువారి చేతనే ఓడింపబడిరి. విచారణ సంఘమునకు ఉపాధ్యక్షురాలైన లిజ్ చేనీ ఓడినవారిలో నొకతె.

కాంగ్రెసు 1887 చట్టమును 2022 డిసెంబరులో సవరించెను. ఉపాధ్యక్షుని పాత్ర లాంఛనప్రాయమే యనియు, ఆక్షేపణకు ప్రతి సభలోను ఐదవ వంతు సభ్యుల సంతకములు వలయుననియు స్పష్టము చేసెను. పూర్వము ఒక్కొక్క సభనుండి ఒక్కరు చాలియుండిరి. ఈ వివాదమువలన కలిగిన నిశ్చితమైన మేలు ఇదియే.

న్యాయస్థానములలో మూడు పాయలుగ వ్యవహారము నడచెను. భవనముపై బడిన సుమారు 1,600 మందిపై అభియోగములు వచ్చెను. అందు సుమారు 600 మందిపై పోలీసువారిని కొట్టుట, అడ్డగించుట మొదలగునవి మోపబడినవి. సుమారు వేయిమంది తమ నేరమును తామే ఒప్పుకొనిరి. పోటీ ఎలక్టర్ల విషయమున మిషిగన్, జార్జియా, నెవాడా, అరిజోనా, విస్కాన్సిన్ రాష్ట్రములు కేసులు పెట్టినవి. 2023 ఆగస్టు 1న కేంద్ర ప్రత్యేక ప్రాసిక్యూటరు జాక్ స్మిత్ ట్రంపుపైననే నాలుగు అభియోగములు మోపెను. కాని 2024 జూలై 1న సుప్రీం కోర్టు 6-3 మెజారిటీతో, అధ్యక్షుని మూలాధికారములకు సంబంధించిన చర్యలకు సంపూర్ణ రక్షణ కలదని తీర్పు చెప్పెను. ఆ మూలాధికారములలో క్షమాధికారమును న్యాయస్థానము పేర్కొనెను. 2024 నవంబరు 5న ట్రంపు 312 ఎలక్టర్లతో మరల గెలుచుటచే, పదవిలోని అధ్యక్షుని విచారింపరాదను ప్రభుత్వ విధానము ననుసరించి ఆ కేసు ఉపసంహరింపబడెను.

2025 నాటి క్షమాభిక్షలు

2025 జనవరి 20న అధికారము చేతులు మారెను. ఆనాడు ఇరువురు అధ్యక్షులును క్షమాధికారమును వినియోగించిరి. పదవిని వీడుచున్న బైడెను, జనవరి 6 విచారణ సంఘ సభ్యులకును, ఆ సంఘము నెదుట సాక్ష్యమిచ్చిన పోలీసు ఉద్యోగులకును, తన కుటుంబమువారిలో కొందరికిని ముందుజాగ్రత్తగ క్షమాపత్రముల నిచ్చెను. తన కుమారుని అంతకు పూర్వమే, 2024 డిసెంబరు 1న, క్షమించియుండెను. కక్షసాధింపునుండి కాపాడుటకే యని ఆయన చెప్పెను. సాక్ష్యమిచ్చినవానికి క్షమాపత్ర మెందులకు, ఆతడు చేసిన నేరమేమి యని యడిగినవారు స్వపక్షమునను గలరు.

ఆనాడే ట్రంపు పదునలుగురి శిక్షలను అంతటితో ముగించి, తక్కిన సుమారు 1,500 మందికి పూర్ణ క్షమను ప్రకటించెను. నడుచుచున్న కేసులను మాన్పించెను. రాజద్రోహకరమైన కుట్రకు 22 సంవత్సరముల శిక్ష పడిన ‘ప్రౌడ్ బాయ్స్’ దళనాయకుడు ఎన్రికె టారియో పూర్ణ క్షమను పొందెను. 18 సంవత్సరముల శిక్ష పడిన ‘ఓత్ కీపర్స్’ నాయకుడు స్టూవర్టు రోడ్స్ శిక్షావిముక్తి పొందెను. శాంతముగ లోనికి నడచి వచ్చినవానికిని, పోలీసును కొట్టినవానికిని భేదము పాటింపబడలేదు. క్షమ పొందినవారిలో కొందరు, తాము చేసినది తప్పే యని, ఆ క్షమ తమ కక్కరలేదని నిరాకరించిరి. బర్డిక్ వ్యాజ్యమున నూరేండ్లకు పూర్వము గుర్తింపబడిన హక్కునకు ఇట్టి వినియోగము కలుగునని ఎవరును ఊహించి యుండరు.

2025 నవంబరులో రెండవ ప్రకటన వెలువడెను. పోటీ ఎలక్టర్ల యత్నముతో సంబంధముగల 77 మందికి క్షమ లభించెను. రూడీ జూలియాని, మార్క్ మెడోస్, జాన్ ఈస్ట్‌మన్, సిడ్నీ పవెల్, కెన్నెత్ చెస్‌బ్రో అందున్నారు. అధ్యక్షునకు మాత్రము ఈ క్షమ వర్తింపదని ప్రకటనలోనే వ్రాయబడెను. తన్ను తాను క్షమించుకొనవచ్చునా యను ప్రశ్నను ఏ న్యాయస్థానమును ఇంతవరకు తీర్పలేదు.

ఈ క్షమలను సమర్థించువారి వాదమును వినవలసియున్నది. అభియోగములు అతిగ మోపబడినవని వారందురు. ప్రభుత్వ కార్యమునకు ఆటంకము కలిగించుట యను నేరమును ప్రాసిక్యూటర్లు మితిమీరి విస్తరించిరని 2024 జూన్ 28న సుప్రీం కోర్టే 6-3 మెజారిటీతో చెప్పినమాట నిజము. దేశము రెండుగ చీలినప్పుడు గతమును మరచుటయే శాంతిమార్గమనియు వారందురు. ఇది హేమిల్టన్ చెప్పిన మాటయే. కాని హేమిల్టన్ ఊహించిన క్షమ, తిరుగుబాటు నెదుర్కొన్న ప్రభుత్వము తిరుగుబాటుదారులకు చేయు క్షమ. ఇచ్చట క్షమించినది ఎవరి కొరకు ఆ జనము లేచెనో ఆయనయే. ఇది మేసన్ భయపడిన సందర్భము. మేడిసన్ చూపిన అభిశంసనము, పక్షములు గట్టిపడిన కాలమున 67 వోట్లను కూడగట్టలేకపోయెను.

క్షమ చేరలేని చోట్లు

అయినను రాజ్యాంగ కర్తలు విధించిన మొదటి హద్దు ఇంకను నిలిచియున్నది. అధ్యక్షుని క్షమ రాష్ట్ర నేరములను తాకదు. జూలియాని మొదలగువారిపై కేంద్రమున అభియోగములు లేనందున 77 మంది క్షమ చాలవరకు సంకేతమాత్రమే. కొలరాడో రాష్ట్రమున వోటింగు యంత్రముల విషయమై తొమ్మిదేండ్ల శిక్ష పడిన మాజీ ఎన్నికల అధికారిణి టీనా పీటర్సును క్షమించితినని ట్రంపు 2025 డిసెంబరులో ప్రకటింపగా, రాష్ట్ర నేరమునకు ఆ క్షమ చెల్లదని కొలరాడో అధికారులు బదులిచ్చిరి. రాష్ట్రముల కేసులు మాత్రము తమ సొంత బలహీనతలచే కొన్ని కూలిపోయినవి: మిషిగన్ కేసును 2025 సెప్టెంబరులో న్యాయమూర్తి కొట్టివేసెను; జార్జియా కేసు అదే సంవత్సరము నవంబరులో ముగిసెను.

సివిలు బాధ్యతను, వృత్తి క్రమశిక్షణను గూడ క్షమ తుడిచివేయదు. జూలియాని న్యాయవాద వృత్తి హక్కును న్యూయార్కు న్యాయస్థానము 2024లో రద్దుచేసెను. జార్జియాలో వోట్లు లెక్కించిన తల్లీకూతుళ్లపై ఆయన చేసిన అసత్య నిందలవలన వారు బెదిరింపులకు గురియై ఇల్లు విడువవలసి వచ్చెను, 14.8 కోట్ల డాలర్లు నష్టపరిహారము చెల్లించవలెనని జ్యూరీ 2023 డిసెంబరులో తీర్పు చెప్పెను. వోటింగు యంత్రముల సంస్థయగు డొమినియన్ కు ఫాక్స్ వార్తాసంస్థ 2023 ఏప్రిలులో 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను. క్షమాపత్రము చెరసాల తలుపు తెరువగలదు; అబద్ధమును నిజము చేయలేదు.

మన రాజ్యాంగమున

భారత రాజ్యాంగము 72వ అధికరణముచే రాష్ట్రపతికిని, 161వ అధికరణముచే గవర్నరులకును క్షమాధికారము నొసగినది. అమెరికా విధానమునకును దీనికిని రెండు ముఖ్య భేదములు కలవు. మొదటిది, మారూరాం వ్యాజ్యమున 1980లో తేలినట్లు, ఈ అధికారము మంత్రిమండలి సలహా ననుసరించియే వినియోగింపబడవలెను. రెండవది, ఆ నిర్ణయము పరిమితముగనైనను న్యాయ సమీక్షకు లోబడును.

ఈ రెండవ సూత్రమునకు బలము చేకూర్చినది ఆంధ్రప్రదేశమున పుట్టిన ఏపూరు సుధాకర్ వ్యాజ్యము. హత్య కేసులో పదేండ్ల శిక్ష పడిన యొక రాజకీయ వ్యక్తికి, ఆయన భార్య పాలకపక్ష శాసనసభ్యురాలై యుండగా, మిగిలిన శిక్షను 2005లో గవర్నరు ఉత్తర్వు ద్వారా రద్దు చేసిరి. ఆయన మంచి పార్టీ కార్యకర్త యను మాట అధికార నివేదికలో చోటుచేసికొనెను. హతుని కుమారుడు సుప్రీం కోర్టు నాశ్రయింపగా, 2006 అక్టోబరులో ఆ ఉత్తర్వు కొట్టివేయబడెను. కులము, మతము, రాజకీయ విధేయత క్షమకు ఆధారములు కారాదని న్యాయమూర్తులు చెప్పిరి. ద్రౌపది కథలోని ప్రశ్నయే ఇచ్చట న్యాయస్థానము చెవిని బడినది: బాధపడినవాని మాట వినకుండ ఇచ్చినది క్షమయా?

ఎన్నికల వివాదమునకు గూడ మన చరిత్రయందు స్మరింపదగిన ఘట్టము కలదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో పోటీపడిన ప్రధాన అభ్యర్థు లిరువురును తెలుగువారే. బరంపురమున జన్మించిన వరాహగిరి వెంకటగిరి 4,20,077 వోట్ల విలువను, నీలం సంజీవరెడ్డి 4,05,427 వోట్ల విలువను పొందిరి. ఆ పోటీ ఫలితముగ కాంగ్రెసు పక్షమే రెండుగ చీలెను. ఎన్నిక చెల్లదని వ్యాజ్యము పడగా, గిరి రాష్ట్రపతి పదవిలో నుండియే సుప్రీం కోర్టునకు స్వయముగ హాజరై సాక్ష్యమిచ్చెను. 1970లో వ్యాజ్యము కొట్టివేయబడెను. ఓడినవారు తీర్పును శిరసావహించిరి. దేశమునకు ప్రథమ పౌరుడు బోనుకు దగ్గరగ వచ్చి నిలుచుటచే ఆ పదవి గౌరవము పెరిగినదే గాని తరుగలేదు.

అయినను మనము గర్వపడి కూర్చుండుటకు వీలులేదు. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నికను రద్దుచేయగా, ఆ నెలలోనే అత్యవసర పరిస్థితి వచ్చెను. ఎన్నికల చట్టమును వెనుకటి తేదీనుండి వర్తించునట్లు సవరించిరి. 39వ రాజ్యాంగ సవరణచే న్యాయస్థానముల విచారణాధికారమునే తొలగించిరి. నవంబరులో సుప్రీం కోర్టు ఆ సవరణలోని ప్రధానాంశమును కొట్టివేసెను గాని, సవరించిన చట్టముల నాధారముచేసికొని ఎన్నికను సమర్థించెను. క్షమాభిక్ష యను పేరు లేకుండనే శాసనము ఆ పనిని చేసెను. అధికారము తన్ను తాను కాపాడుకొను మార్గములు దేశమునకొక విధముగ నుండును; స్వభావము మాత్రము ఒక్కటియే.

ముగింపు

పై విచారణవలన తేలిన విషయములు మూడు. క్షమ రాజ్యమునకు అవసరమైన గుణము. న్యాయస్థానములును పొరపాటు చేయును గనుక దానిని తీసివేయుట శ్రేయస్కరము కాదు. రెండవది, క్షమించువానికి ఆ నేరమువలన లాభము కలుగునప్పుడు, అది క్షమయా ప్రతిఫలమా యని ప్రజలు సందేహించుట సహజము. ఆ సందేహమును తీర్చుటకు సలహాయో, సమీక్షయో, కారణ ప్రకటనయో ఏదేని యొక కట్టుబాటు ఉండవలెను. మూడవది, కట్టుబాటు లెన్ని యున్నను వానిని నిలుపునది మనుష్యులే. జార్జియాలో టెలిఫోను పట్టుకొని కాదనిన అధికారియు, అధికారము లేదని లెక్కింపును సాగించిన ఉపాధ్యక్షుడును, సొంత పక్షమువారి వ్యాజ్యములను ఆధారము లేదని త్రోసివేసిన న్యాయమూర్తులును లేనిచో, వ్రాసియుంచిన రాజ్యాంగము కాగితముగనే మిగిలియుండెడిది.

అశ్వత్థామను విడిచినవారు వాని శిరోమణిని మాత్రము విడువలేదు. శిక్షను తగ్గించుచు నేరమును నేరముగ గుర్తుంచుకొనుటయే ఆ కథలోని ధర్మము. ఏ దేశమునందైనను, ఎన్నికలో ఓడినవాడు ఓటమిని ఒప్పుకొనుటయు, గెలిచినవాడు గాయపడినవానిని మరువకుండుటయు జరిగినంతకాలము క్షమ శాంతికి దారి చూపును. ఆ రెండును లోపించిననాడు అదియే తరువాతి కలహమునకు బీజమగును.